చదివి వినిపించిన కాగితం

“పొద్దటి సంది ఒక్క ఫోన్ రాలే నవీనూ. ఎవ్వలు ఫోన్ చేస్తలేరంటే, అందరు ఒక్కకాడ కూసొని మన ముచ్చటే పెడుతున్నరన్నట్టు.”

వాకిట్లో చాట ముందేసుకుని అనపకాయలు ఒలుస్తున్న బిక్షమ్మ ఆ మాటను లోపలి అర్రకు వినబడేలా అంది. అర్ర తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మంచం కిర్రుమంది.

ఫోన్ మోగినా ఆమెకు భయమే, మోగకపోయినా భయమే. బస్సు పావుగంట ఆలస్యమైతే ఏ దవాఖానకు ఉరకాలో ముందే అనుకుని పెట్టుకునే మనిషి. కొడుకు పేరు కానిస్టేబుళ్ల లిస్టులో వచ్చిందని ఊరంతా మిఠాయి అడుగుతుంటే, “పోలీసోళ్లను దొంగలు కొడ్తరట గదా” అని ఆ పూట అన్నం ముట్టలేదు. దేవరకొండకు ఆరు కిలోమీటర్ల దూరాన ఉన్న ఆ ఊళ్లో ఆమెను వెనకాల “ఫికర్ల బిక్షమ్మ” అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఇంకా ఏమేం అంటారోనని అది వేరే ఫికర్.

ఇన్నేళ్లూ గాలిలో తిరిగిన ఆ భయానికి ఈ వారం రోజుల్లో ఒక ఊరు, ఒక మనిషి పేరు దొరికాయి.

పోయిన మంగళవారం మధ్యాహ్నం నార్కట్‌పల్లి చౌరస్తా పక్కన, ఒక చాయ్ హోటల్ వెనకాల, ప్రేమ్‌సాగర్ అనే పెద్దమనిషి తల పగిలి పడిపోయాడు. ఒకప్పుడు అమ్రాబాద్ తొవ్వలో ఒక ట్రస్టు వాళ్లు నడిపిన పిల్లల హాస్టల్‌కు ఆయన వార్డెన్. రెండు దినాలు దవాఖానలో ఉండి ప్రాణం విడిచాడు. ఆయన పడిపోయిన గంటకే సాల్మన్ తన డీసీఎం వ్యానును స్టేషన్ ముందు ఆపి, లోపలికి వెళ్లి, “నేనే కొట్టిన సార్” అన్నాడు. ఎందుకు కొట్టావంటే మాత్రం పెదవి విప్పలేదు. సాల్మన్ పరాయివాడు కాదు. నవీన్‌కుమార్‌తో కలిసి అదే హాస్టల్లో ఒకే కంచంలో తిన్న దోస్తు.

సాల్మన్ ఫోన్లో నవీన్ నంబరు కనబడిందని శుక్రవారం పోలీసు జీపు ఈ వాకిట్లోకే వచ్చింది. నవీన్ నోరు తెరిచేలోపే బిక్షమ్మ ముందుకొచ్చింది. “మంగళారం పొద్దంత ఇంట్లనే ఉన్నడు సారూ. జొరమొచ్చి పండిండు. నేనే గంజి కాసి పోసిన” అంది. ఎస్సై రాసుకుని వెళ్లిపోయాడు. నిజానికి ఆ రోజు ఆమె పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా లింగయ్య పటేలు చేనులో పత్తి ఏరుతూ ఉంది. కొడుకు ఎక్కడున్నాడో ఆమెకు తెలియదు. వాణ్ని అడగలేదు కూడా. అడిగితే చెప్తాడేమోనని.

కొలువుకు ఇంక మిగిలింది ఊళ్లో ఎంక్వయిరీ ఒక్కటే. ఒక్క కేసులో ఒక్క ముక్క పేరు వచ్చినా లిస్టులోంచి కొట్టేస్తారు. అందుకే ఇవాళ కూడా పత్తికి పోకుండా, భర్త కురుమయ్యను మేకల వెంట గుట్ట దిక్కు తోలేసి, తను గడపకు కాపలా కూర్చుంది.

దడి అవతల ఆటో ఆగింది. దిగిన మనిషిని చూసి బిక్షమ్మ చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది.

గ్లోరీ. సాల్మన్ అక్క. నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. నైట్ డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చీర మీద ఇంకా ఊలు స్వెట్టర్ ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“చిన్నమ్మా” అంది.

“అయ్యో గ్లోరీ, దా బిడ్డా. కూసో. నీళ్లు తెస్త.”

“నీళ్లొద్దు.”

ఇంటికొచ్చిన మనిషి నీళ్లొద్దంటే ఆ రాకలో చుట్టరికం లేదన్నట్టే. బిక్షమ్మ లేవబోయినదల్లా మళ్లీ కూర్చుంది. అడగకముందే చెప్పింది.

“నవీన్ లేడు బిడ్డా. మెడికల్ కాయితాలకని నల్లగొండకు పోయిండు.”

గ్లోరీ ఆమె ముఖం చూడలేదు. గడప పక్కన మట్టి అంటి ఉన్న బూట్ల వైపు చూసింది. “బూట్లు ఇడిసిపెట్టి పోయిండా?”

“చెప్పులేస్కొని పోయిండు.”

“చెప్పులు గూడ ఈడనే ఉన్నయ్ చిన్నమ్మా.”

“నువ్వేంది బిడ్డా, పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్.”

“పోలీసోళ్లు నా లెక్క అడిగితే మంచిగుండు. నువ్వేం చెప్తే గదే రాస్కొని పోయిండ్రు.”

అర్రలో మంచం మళ్లీ కిర్రుమంది. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ విననట్టే ఊరుకున్నారు. గ్లోరీ స్వెట్టర్ విప్పి మడత పెట్టి, బల్ల మీద కాకుండా నేలమీదే, బిక్షమ్మకు ఎదురుగా కూర్చుంది. చాటలోంచి ఒక కాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. చేతికి ఏదో ఒక పని లేకపోతే మాట రాదన్నట్టు.

“నిన్న జైలుకు ములాఖత్‌కు పోయిన” అంది.

“ఎట్లున్నడు?”

“గడ్డం పెరిగింది. అన్నం తిన్నవారా అంటే తిన్న అన్నడు. ఎందుకు కొట్టినవురా అంటే గోడ దిక్కు చూసిండు. మళ్లడిగితే, ‘అక్కా, నువ్వు డ్యూటీకి పో, లీవులు అయిపోతయ్’ అన్నడు. జైల్ల కూసొని నా లీవుల ఫికర్ చేస్తుండు వాడు.”

బిక్షమ్మ మనసు కరిగింది. ఎంతైనా తన చేతి అన్నం తిన్న పిల్లవాడు. అయినా ఆ మెత్తదనాన్ని అక్కడే అదిమేసుకుంది. మెత్తబడితే ఎక్కడికి లాగుతుందో ఆమెకు తెలుసు.

“నేనేం చెయ్యాలె బిడ్డా? మేం ఉన్నోళ్లమా, పలుకుబడి ఉన్నదా?”

“మీ నవీన్ వచ్చి ఒక్కమాట చెప్పాలె. శైలజ మేడం అని, వకీలు. ఆమె ఏమన్నదంటే, ఎందుకు కొట్టిండో చెప్పెటోళ్లు ఒక్కలన్న ఉండాలె అన్నది. లేకుంటే ముసలాయనను ఉత్తగనే సంపిన డ్రైవర్ లెక్క చూస్తరట. ఆ హాస్టల్ల ఏం జరిగిందో చెప్పెటోళ్లు నాకు తెల్సి ఇద్దరే. ఒకడు లోపలుండి నోరు తెరుస్తలేడు. ఇంకొకడు గీ ఇంట్ల ఉన్నడు.”

“హాస్టల్ల ఏం జరిగింది? కొట్టిండంటవా? సార్లన్నంక కొట్టరా. కొట్టకుంటే సదువొస్తదా.”

“కొట్టుడు గాదు.”

గ్లోరీ చేతిలోని కాయ రెండుగా విడిపోయింది. గింజలు చాటలో పడ్డాయి. ఆమె ఇంకో కాయ తీయలేదు.

“రాత్రిపూట కాళ్లొత్తనీకి క్వార్టర్‌కు పిలిపించేటోడు. ఒక్కొక్క దినం ఒక్కొక్క పోరన్ని. తెల్లారినంక ఆ పోరడు ఎవ్వలతోని మాట్లాడకపోయేటోడు. నేను నర్సును, దవాఖానల ఎన్నో చూసిన. అయినా నా తమ్మునికైంది నా నోటితోని చెప్పలేను. నువ్వు తల్లివి. నీకే సమజ్ కావాలె.”

బిక్షమ్మకు సమజ్ అయింది. అయిందని తెలిసే లోపు ఇంకో దిక్కుకు ఉరికిపోవాలని చూసింది మనసు. వాకిట్లో ఎండ ఎప్పటిలాగే ఉంది. కోడి ఎప్పటిలాగే పొట్టును కాళ్లతో చిమ్ముతోంది. ఆమెకు మాత్రం చెవుల్లో బోరు మోటరు ఆగిపోయినప్పుడు వచ్చే నిశ్శబ్దం లాంటిది దిగింది.

ఆ హాస్టల్లో కొడుకును వేసినప్పుడు ఆమె భయపడనిది లేదు. అడవి పక్కన కాబట్టి పులి వస్తుందని భయపడింది. పులి రాకుంటే ఎలుగుబంటి. కిటికీకి జాలీ లేదని పాముకు భయపడింది. ప్లగ్గు బోర్డు ఊడి ఉందని కరెంటుకు, బాయికి గిలక లేదని బాయికి. తనూ కురుమయ్యా బిల్డింగు పనికి పూనా పోయి ఆర్నెల్లు అక్కడే ఉంటే, ప్రతి ఆదివారం మేస్త్రీ ఫోన్ బతిమాలుకుని హాస్టల్‌కు చేసి, “పులి అచ్చిందా బిడ్డా” అని అడిగేది. ఒక్క ప్రేమ్‌సాగర్ సారుకే భయపడలేదు. ఎందుకంటే మొదటి రోజు ఆయన కుర్చీ లాగి, “కూసోండమ్మా” అన్నాడు. అన్నేళ్ల బతుకులో ఏ ఆఫీసులోనూ ఎవరూ ఆమెకు కుర్చీ వేయలేదు.

“నా కొడుక్కు గట్ల కాలే” అంది బిక్షమ్మ. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. “అయితే నాకు చెప్పడా? తల్లికి చెప్పడా?”

“చెప్పనీకే గదా ఇద్దరు ఉరికొచ్చింది.”



ఎనిమిదేండ్ల కిందటి మాట. తెలంగాణ వచ్చిన మరుసటేడు, దసరాకు నాలుగు దినాల ముందు. పూనా నుంచి తను వచ్చి రెండు రోజులే అయింది. పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే దడి దగ్గర ఇద్దరు పోరలు నిలబడ్డారు. కాళ్లకు చెప్పుల్లేవు, పిక్కల నిండా ముళ్ల గీతలు. సగం దూరం నడిచి, సగం దూరం లారీ వెనక ఎక్కి వచ్చారు. ఆమె మొదట కొట్టింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత అన్నం పెట్టింది. పెట్టిందే గానీ, ఎందుకు వచ్చారని అడగలేదు. అడవిలో పడి వచ్చారే, పులి ఎత్తుకుపోతే ఎట్లా అన్న ఒక్క ఆలోచన తప్ప ఆమె తలలో ఇంకోదానికి జాగా లేదు. సీటు పోతుందేమోనని ఇంకో భయం. ఆ మధ్యాహ్నమే ఇద్దరి చేతులూ చెరొక పక్క పట్టుకుని బస్సెక్కింది.

బస్సులో సాల్మన్ ఆమె కొంగు పట్టుకుని అడిగాడు. “చిన్నమ్మా, నన్ను మీ ఇంట్ల ఉంచుకో. మేకలు కాస్త. అన్నం తక్వనే తింట.”

ఆమె నవ్వింది. “ఫుకట్ల పప్పన్నం పెట్టి సదువు చెప్తుంటే మేకలు కాస్తడట” అని పక్క సీటు ఆమెకు కూడా చెప్పి నవ్వించింది.

హాస్టల్‌కు పోయాక సారు ముందు చేతులు కట్టుకుని ఆమె అన్న మాట కూడా గుర్తుకొచ్చింది. పిల్లల్ని బడిలో అప్పగించేటప్పుడు అందరూ అనే మాటే. తన అత్త అన్నది, తన తండ్రి అన్నది. “తోలు మీది, బొక్కలు మావి సారూ. ఎంత కొడ్తరో మీ ఇష్టం.”

గ్లోరీ చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన జిరాక్సు కాగితం ఒకటి తీసింది.

“వాడు పద్నాలుగేండ్లోడు చిన్నమ్మా. అయినా ఊకోలే. మీ ఇంటికి ఉరికి రాకముందే, హాస్టల్ చూడనీకి వచ్చిన పెద్దాఫీసరు చేతిల చీటీ పెట్టిండట, సారు మాతోని గిట్ల చేస్తుండని. ఆ చీటీ మీద ఎంక్వయిరీ ఏసిండ్రు. మరి ఆ ఎంక్వయిరీ ఎందుకు బందైందో ఇన్నేండ్లు నాకు తెల్వదు. శైలజ మేడం అర్జీ పెట్టి పాత ఫైలు తీపిచ్చింది. అండ్ల ఇది ఉన్నది. వింటవా?”

“కోర్టు కాయితాలు నాకెందుకు బిడ్డా.”

“ఇది కోర్టుది గాదు. నీదే.”

గ్లోరీ చదివింది. రోగి చీటీ చదివినట్టు, ఎక్కడా గొంతు పెంచకుండా చదివింది.

“నా కుమారుడు నవీన్‌కుమార్ హాస్టల్ నుండి పారిపోవుటకు కారణం సాల్మన్ అను విద్యార్థి. ఇతడు స్టోర్ రూములో దొంగతనము చేసి, పట్టుబడుదునని భయపడి నా కుమారుని వెంట తీసుకొని పోయినాడు. వార్డెన్ గారిపై సాల్మన్ చెప్పిన మాటలన్నియు అబద్ధములని నా కుమారుడు నా ఎదుట ఒప్పుకొన్నాడు. వార్డెన్ గారిపై నాకు ఎట్టి ఫిర్యాదు లేదు. ఇట్లు, బిక్షమ్మ.”

చదివి, కాగితాన్ని తిప్పి ఆమె ముందు పెట్టింది.

బిక్షమ్మ అచ్చు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. బస్సు బోర్డులు చదువుతుంది, రేషన్ దుకాణం ముందు రాసింది చదువుతుంది. చేతిరాత అంటే మాత్రం ఆమెకు చీమల బారు. ఆ చీమల బారు అడుగున ఉన్న ఒక్కటే ఆమెకు తెలుసు. పెద్ద తలకాయతో బి, వంకర నడుముతో క్ష, గీత దాటి కిందికి జారిన మ్మ. సాయంత్రం బడిలో మూడు నెలలు పలక మీద దిద్దుకుని నేర్చుకున్న సంతకం. వేలిముద్ర వేసే ఆడవాళ్ల ముందు గర్వంగా పెట్టుకున్న సంతకం.

“ఇది నాదే” అంది. “నాదే గానీ, నేను గిది చెప్పలే. నాకు తెల్వదు బిడ్డా. దేవుని తోడు, గా కాయితంల గిది ఉన్నదని నాకు తెల్వదు. సెలవుల కాయితమన్నరు. పోరన్ని దసరాకు ఇంటికి తీస్కపోతున్నట్టు రాసిండ్రన్నరు.”

“గీ కాయితంతోనే వాని ఎంక్వయిరీ మూసిండ్రు. తల్లే సంతకం పెట్టినంక ఇంకేం ఉంటదని. వాన్ని దొంగని రాసిండ్రు. నువ్వు నవీన్‌ను తీస్కొని వచ్చినవ్, వాడు జొరం పడి మళ్ల ఆడికి పోలే, దేవరకొండ బడిల ఏసిండ్రు. మంచిదే. మా సాల్మన్ ఏమైండో ఎన్నడన్న ఆలోచన చేసినవా?”

బిక్షమ్మ చూపు కాగితం అడుగున తన సంతకం మీదే ఉంది.

“మాకు అమ్మ లేదు. నేను నల్లగొండల నర్సింగ్ మొదటేడు. పరీక్షలున్నయని వాన్ని తీస్కరానీకి పోలే. దసరా సెలవులు పదిహేను దినాలు. పోరలందరు ఇండ్లకు పోయిండ్రు. అంత పెద్ద హాస్టల్ల వాడొక్కడు. ఆయనొక్కడు.”

గ్లోరీ అక్కడ ఆగింది. ఏడుస్తుందనుకుంది బిక్షమ్మ. ఏడవలేదు. కొంగుతో పెదవులు ఒత్తుకుని, “జర నీళ్లు ఇయ్యి” అంది.

బిక్షమ్మ లేచింది. కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి తెచ్చింది. గ్లోరీ గడగడ తాగి చెంబు పక్కన పెట్టింది.

“ఒక్కటి అడుగుత చిన్నమ్మా. నువ్వు చదివించుకోకుంట సంతకం పెట్టే మనిషివి గాదు. ఓటు చీటీ గూడ నలుగురికి చూపిచ్చి చదివించుకుంటవని ఊరంత నవ్వుతరు. మరి గీ కాయితం నీకు చదివి చెప్పింది ఎవలు?”

ఆ మాట బిక్షమ్మ గుండెలో ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

నిజమే. ఆ రోజు కూడా ఆమె చదివించుకుంది. సారు కాగితం ముందుకు జరిపి పెన్ను ఇస్తే తీసుకోలేదు. కాగితమంటే ఆమెకు భయం. ఏ కాగితం కింద ఏ గుంత ఉంటుందో. అందుకే కుర్చీ పక్కన నిలబడ్డ కొడుకు వైపు తిరిగి, “నువ్వు చదువు బిడ్డా, నేను ఇంట” అంది. చదువురాని తల్లులందరూ చేసేదే. బ్యాంకులో, ఆఫీసులో, దవాఖానలో ఎవరిని నమ్మినా నమ్మకపోయినా, కన్న బిడ్డ కండ్లను నమ్ముతారు. పదమూడేళ్ల నవీన్ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివాడు. దసరా సెలవులకు మా అబ్బాయిని ఇంటికి తీసుకుపోతున్నాను, సెలవులైనాక తెచ్చి అప్పజెప్పగలను. ఎక్కడా తడుముకోకుండా చదివాడు. సారు ముందు నా కొడుకు ఎంత మంచిగా చదివాడోనని ఆమె మురిసింది. మురిసి సంతకం పెట్టింది.

కాగితంలో లేనిదాన్ని, ఉన్నట్టుగా చదివాడు.

తలుపు వెనకాల మంచం ఇప్పుడు కిర్రుమనలేదు. ఊపిరి కూడా వినబడలేదు. అక్కడ ఒకడు చెవి ఒగ్గి వింటున్నాడని బిక్షమ్మకు వీపు మీద తెలుస్తోంది.

“సారే చదివిండు” అంది. “సారే చదివి చెప్పిండు బిడ్డా. నేను నమ్మిన.”

వారంలో ఇది మూడో అబద్ధం. మొదటి రెండూ చెప్పినప్పుడు నోరు తిరిగింది. ఇది మాత్రం గొంతులో చేపముల్లు లాగా అడ్డం పడి దిగింది.

గ్లోరీ నమ్మిందో లేదో తెలియలేదు. లేచి స్వెట్టర్ భుజాన వేసుకుంది.

“నువ్వు అన్నిటికి భయపడ్తవ్ చిన్నమ్మా. భయపడాల్సిన కాడ ఒక్కతానే భయపడలే” అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బిక్షమ్మ కూడా నాలుగు మాటలు అని ఉండేది. “గురువారం మేడం పిటిషన్ ఏస్తది. అంతల నవీన్ వస్తే వచ్చినట్టు. రాకుంటే నేను మళ్ల గీ వాకిలి తొక్కను. కాయితం నీకాడనే ఉంచుకో. నాకాడ ఇంకోటి ఉన్నది.”

తర్వాత అర్ర తలుపు వైపు తిరిగి, పక్కింటి పిల్లవాణ్ని పలకరించినంత మామూలుగా అంది. “నవీనూ, సాల్మన్ నిన్ను అడిగినట్టు చెప్పమన్నడు. కొలువు ఎప్పుడు ఎక్కుతడో అడగమన్నడు.”

ఆటో చప్పుడు మలుపు దాటేదాకా బిక్షమ్మ వాకిట్లోనే నిలబడింది. తర్వాత వచ్చి తలుపు నెట్టింది.

నవీన్ మంచం మీద లేడు. తలుపు పక్క గోడకు వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని నేలమీద కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి. పరుగు పందెంలో జిల్లా మొత్తంలో రెండో స్థానం తెచ్చుకున్న కాళ్లు. అలా ముడుచుకుంటే, ఎనిమిదేళ్ల కింద ముళ్ల గీతల పిక్కలతో దడి దగ్గర నిలబడ్డ పోరడే కనబడ్డాడు ఆమెకు.

కొట్టాలనిపించింది. ఎత్తుకోవాలనిపించింది. రెండూ చేయలేక గడప మీద కూలబడింది. కాగితాన్ని వాడి ముందు నేలమీద పరిచింది.

వాడికి ఏం జరిగిందని అడగాలి ముందు. ఆ మాట నాలుకదాకా వచ్చి ఆగిపోయింది. అడగడానికి ధైర్యం చాలలేదు. వాడి ముఖం చూస్తే అడగాల్సిన పని కూడా లేదనిపించింది. ఎనిమిదేళ్లుగా వాడు ఒంటరిగా పడుకోకపోవడం, దీపం ఆర్పనివ్వకపోవడం, తండ్రి కాళ్లు నొప్పులంటే లేచి బయటికి వెళ్లిపోవడం, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. ‘కొడుకన్నంక బాపు కాళ్లు ఒత్తడా’ అని తిట్టింది తనే. ఎన్నిసార్లు తిట్టిందో.

“ఒక్కటే చెప్పు బిడ్డా” అంది చివరికి. “నేను నిన్నే చదవమన్న. నువ్వు నా పక్కకే నిలబడి చదివినవ్. దాంట్ల ఉన్నదొకటి, నువ్వు చదివింది ఒకటి. ఎందుకు గట్ల చదివినవ్?”

నవీన్ కాగితం వైపు చూశాడు. చెయ్యి చాచలేదు.

“భయపెట్టిండా?”

నవీన్ మోకాళ్లలో తల దూర్చుకున్నాడు.

“కొట్టిండా? సంపుతనన్నడా? నీ దోస్తును దొంగను చేసినం బిడ్డా మనం. నీ నోరు, నా చెయ్యి. చెప్పు.”

గోడ అవతలినుంచి పక్కింటి బాలనర్సమ్మ గొంతు వినిపించింది. “ఓ బిక్షమ్మక్కా, ఆటోల ఎవలొచ్చిండ్రు?”

“చుట్టాలు” అంది బిక్షమ్మ, తల తిప్పకుండా.

“చుట్టాలొస్తే కూర గిట్ల కావాల్నా? మా ఇంట్ల వంకాయ ఉన్నది.”

“వద్దు. పోయిండ్రు.”

“గప్పుడే పోయిండ్రా? అన్నం పెట్టకుంటనే?”

గోడ అవతల తనలో తనే ఏదో గొణుక్కుంటూ బాలనర్సమ్మ వెళ్లిపోయింది. చాట దగ్గర కోడి చేరి గింజలు తింటోంది. తోలేవాళ్లు లేరు. గడప మీది ఎండ బిక్షమ్మ పాదాల మీదినుంచి జరిగి, మోకాళ్ల మీదికి వచ్చి, కాగితం అంచును తాకింది. ఆమె ఇంకేమీ అడగలేదు. జీవితంలో మొదటిసారి, వచ్చే మాట ఎంత చెడ్డదైనా వినడానికే కూర్చుంది.

నవీన్ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

“నిన్ను బయట అరుగు మీద కూసోబెట్టి, మమ్మల్ని లోపలికి పిలిచిండు గద అమ్మా. కాయితం అప్పటికే రాసిపెట్టిండు. ‘మీ ఇద్దరిల ఒక్కడు ఇయ్యాల ఇంటికి పోవచ్చు. మీ అమ్మ ఎట్లయిన నీతోనే చదివిస్తది. సెలవుల కాయితమని చదువు, నువ్వు పో’ అన్నడు. నేను చదువనన్న. సాల్మనే నా చెయ్యి పట్టుకున్నడు. ‘నాకు తీస్కపోయెటోళ్లు లేర్రా. నువ్వు చదువు. ఇద్దరిల ఒక్కడన్న బయటపడాలె’ అన్నడు.”

బిక్షమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతటితో అయిపోయిందనుకుంది. కానీ వాడు ఇంకా ఆమె వైపే చూస్తున్నాడు.

“మంగళారం నార్కట్‌పల్లిల గూడ గదే మాటన్నడు అమ్మా, ఇద్దరిల ఒక్కడన్న బయటపడాలె అని. నన్ను బస్సెక్కిచ్చి, వాడు స్టేషన్‌కు పోయిండు.”